చెవుల్లేని రసికుడు

సంగీతానికి చెవులతో పనేమిటండీ? అవి కళ్లజోడు తగిలించుకోవడానికి ఉన్నాయి. పాటని ఇక చూస్తే చాలు.

నవ్వకండి. అమెరికాలో మా శాన్ రామన్‌లో ఈ ఏడాది ఉగాది పాటల్ని ముందుగా ఎవరూ వినలేదు. కంప్యూటర్ చూసింది. కిందటేడు పాడేవాళ్లు ఎక్కువై, వినేవాళ్లు తక్కువై, వరసగా ముగ్గురు ఒకేలాంటి పాట పాడారు. ఆ ముగ్గురూ ఇప్పటికీ ఒకరింటికొకరు పేరంటానికి వెళ్లడం లేదు. అందుకని మా తెలుగు అసోసియేషన్‌లో రఘువీర్ అనే ఇంజనీరు ఒక ప్రోగ్రామ్ రాశాడు. పాట రికార్డ్ చేసి పంపితే కంప్యూటర్ దాన్ని బొమ్మగా గీస్తుంది. బొంగురు గొంతు అడుగున, కీచు గొంతు పైన. గట్టిగా పాడితే మెరుపు, మెల్లగా పాడితే మసక. ఆ బొమ్మల్ని పక్కపక్కన పెట్టి, పోలిక ఉన్నవాటిని ఒక గుంపులో వేస్తుంది. గుంపుకి ఒక్కరికే స్టేజి.

ఇందులో ఎన్ని లాభాలో చూడండి! జడ్జీలు ఆఫీసు కాల్‌లో ఉండి కూడా పోటీ నడపొచ్చు. పెళ్లిచూపుల్లో పిల్లని పాడమని ఇబ్బంది పెట్టక్కర్లేదు, జాతకంతో పాటు పాట ఫోటో పంపేస్తే సరి. పక్కింటివాళ్లు సాధన మొదలెడితే తలుపులు మూసుకోనక్కర్లేదు, కళ్లు మూసుకుంటే చాలు.

నేనూ ఒక పాట పంపాను. నాట్ల పాట. చిన్నప్పుడు బురదలో వంగి పాడింది. మా ఆయన పోయాక ఇక్కడ మా అమ్మాయి జయంతి ఇంట్లో ఉంటూ, పొయ్యి ముందు వంగి పాడుతున్నది. ఒక్కసారైనా నడుం నిటారుగా పెట్టి మైకు ముందు పాడాలని నా ఆశ. జయంతి కూడా ఒక కీర్తన పంపింది.

కంప్యూటర్ మా ఇద్దరినీ ఒకే గుంపులో వేసింది. అదే గుంపులో మూడోది, ఫోను నొక్కడం సరిగా రాక నేను పొరపాటున పంపిన పులిహోర పోపు చప్పుడు. ముగ్గురిలోకీ పోపునే స్టేజికి ఎంపిక చేసింది.

జయంతి ముఖం మాడిపోయింది. "అన్నేళ్లు గురువుగారి దగ్గర నేర్చుకున్నానమ్మా. నా కీర్తనా నీ నాట్ల పాటా ఒకటేనా?"

"మనిద్దరి సంగతి సరేనే. మనకంటే పోపు బాగా పాడిందట, దానికేమంటావు?"

మా అల్లుడు కృష్ణమోహన్ అసోసియేషన్‌లో ఫుడ్ కమిటీ పెద్ద. "పోనీలెండి అత్తయ్యగారూ," అన్నారు సోఫాలోంచి. "ఆ రోజు పులిహోర మీదేనని అందరికీ చెప్పేశాను. పాడే తీరిక మీకెక్కడిది?"

జయంతి పోరు పడలేక రఘువీర్ లాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మూడు బొమ్మలూ తెరిచాడు. మూడింటికీ అడుగున ఒక గీత, స్కేలు పెట్టి గీసినట్టు.

"ఆంటీ, మీరు పాడినప్పుడు పక్కన ఏమైనా తిరుగుతోందా?"

"పొయ్యి మీద ఫ్యాన్ బాబూ. అదెప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. జయంతి కూడా ఉప్పు సరిపోయిందో లేదో చూస్తూ అక్కడే పాడింది."

రఘువీర్ తల గోక్కున్నాడు. "అయితే ఈ గీత ఆ ఫ్యాన్ మోత. ఇది పాటని చూడలేదాంటీ. మీ వంటింటిని చూసింది. నా పరువు పోయింది."

"దాన్నేమీ అనకు," అన్నాను. నాకు దాని మీద జాలేసింది. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. అంతకుముందు మా ఊరి బస్సుని అద్దానికి వేలాడే ఎర్రగుడ్డని బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకసారి డ్రైవరు ఆ గుడ్డ ఇంకో బస్సుకి కట్టాడు. నేను దర్జాగా కిటికీ పక్కన కూర్చుని, పుట్టింటికని బయల్దేరి ఎవరి ఊళ్లోనో దిగాను. అప్పట్లో నాకు చదువు లేదు, ఈ కంప్యూటర్‌కి చెవులు లేవు. ఇద్దరం గుడ్డని చూసి బస్సెక్కేవాళ్లమే.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఈ ఇంట్లో చెవులున్నవాళ్లకి ఇన్నేళ్లలో నా పాట ఎక్కణ్ణుంచి వస్తోందో తట్టలేదు. ఆ చెవుల్లేనిది ఒక్క చూపులో పట్టేసింది.

"వంటింట్లో కాకుండా ఇంకెక్కడైనా పాడి మళ్లీ పంపండాంటీ," అన్నాడు రఘువీర్.

నేను గరిటె తెచ్చి అల్లుడుగారి చేతిలో పెట్టాను. "పులిహోరకి మాటిచ్చింది మీరు కదా బాబూ, ఒకసారి చేసి చూడండి. ఆవాలు చిటపటలాడాకే మిరపకాయలు." ఆయన జయంతి వైపు చూశారు. జయంతి శ్రుతిపెట్టె తీసుకుని హాల్లోకి నడిచింది. ఆమె కూర్చుని కీర్తన పాడింది. నేను నిలబడి నాట్ల పాట పాడాను.

ఫలితాలొచ్చాయి. జయంతి కీర్తనల గుంపులో మొదటిదట. నా పాట ఏ గుంపులోనూ ఇమడలేదట, కాబట్టి నాకూ స్టేజి ఇచ్చారు. వంటింటి గుంపు ఖాళీ అయిందనుకోకండి. పొయ్యి దగ్గర ఊసుపోక తీసిన కూనిరాగం అల్లుడుగారు కూడా పంపారట. ఆయన కంటే పోపే బాగా పాడిందని కంప్యూటర్ తీర్పు.

ఉగాదికి అందరూ రండి. పులిహోర కాస్త తేడాగా ఉంటే ఏమీ అనుకోకండి. తినక్కర్లేదు, చూస్తే చాలు.