పాలు తాగండి, మాస్కు గోడకే ఉంచండి

వెల్డింగ్ చేసేవాళ్ళకి మాస్కెందుకండీ? దండగ! చేతినిండా పనున్న మనిషి మొహానికి డబ్బా తగిలించుకుని కూర్చోవాలా? ఒక గ్లాసు పాలు తాగితే సరిపోదూ!

నవ్వకండి. మా కంపాలాలో, ఈ కట్వే సందుల్లో, ఇనప గేట్లు చేసే ఏ షెడ్డుకైనా వెళ్ళి అడగండి. వెల్డింగ్ పొగ ఛాతీలో చేరితే కడిగేసేది ఏది? పాలు. కళ్ళు మండితే చల్లార్చేది ఏది? పాలు. జింకు పూత ఉన్న పైపులు అతికిన రోజు సాయంత్రం ఒళ్ళు వణికి జ్వరం వస్తే? ఇంకో గ్లాసు పాలు! ఈ సంగతి డాక్టర్లకి ఎప్పుడో తెలుసనీ, వాళ్ళ పొట్ట కొట్టుకోవడం ఇష్టం లేక దాచారనీ నా అనుమానం.

ఇంతకీ నేనెవరినంటారా? సెకబీరా గారి వెల్డింగ్ షెడ్డుకి ఎదురుగా పాలు, టీ అమ్ముకునే మనిషిని. ఆ షెడ్డులో గేట్లు అతికే నాంతేజ నా కూతురు. ఈ వీధిలో నన్నెవరూ పేరు పెట్టి పిలవరు, 'నాంతేజ వాళ్ళమ్మా' అనే పిలుస్తారు. అక్కడ ఎంత పొగ లేస్తే ఇక్కడ నాకు అంత బేరం. పాల గొప్పతనం చెప్పడానికి నాకంటే నిజాయితీపరురాలు మీకెక్కడ దొరుకుతుంది?

ఒకప్పుడు నేనూ అజ్ఞానంలోనే బతికాను లెండి. నాకు ఏది చూసినా ముందు చెడే తోస్తుంది. మబ్బు పడితే వరద అనుకుంటాను. పిల్ల తుమ్మితే క్షయ అనుకుంటాను. అలాంటిదాన్ని, నా పిల్ల కరెంటుతో ఇనుము కరిగించే పనిలో చేరిందంటే నా గతేమిటో ఆలోచించండి! వాళ్ళు ఆర్క్ కొట్టి మెరుపు లేపినప్పుడల్లా మా సందులో బల్బులన్నీ మసకబారతాయి. బల్బు మసకబారినప్పుడల్లా, అయిపోయింది, నా పిల్లకి షాక్ కొట్టింది అనుకునేదాన్ని. మళ్ళీ వెలిగితే, సరే, ఈసారికి బతికింది అనుకునేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే పని. మధ్యలో టీ కాచేదాన్ని.

ఇప్పుడా భయాలేవీ లేవు. ఆ షెడ్డు ఎంత అభివృద్ధి చెందిందో కళ్ళారా చూశాను మరి!

ప్లగ్గులనే పాతకాలపు వస్తువుని వాళ్ళు ఎప్పుడో వదిలేశారు. తీగ కొసలు సాకెట్లో దూర్చి, జారకుండా అగ్గిపుల్లలు కొడతారు. అగ్గిపుల్లని మించిన భద్రత ఏముంది? వానొస్తే షెడ్డులోకి నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళలోనే రబ్బరు చెప్పులతో నిలబడి అతుకుతారు, కాళ్ళు చల్లగా ఉంటాయి కదా! ఒంటిమీద తోలు కోటుకి బదులు ఫుట్‌బాల్ జట్టు నైలాన్ చొక్కా. నిప్పురవ్వ పడ్డచోటల్లా చిల్లు పడి, గాలి చక్కగా ఆడుతుంది.

ఇక కళ్ళజోడు! ట్రాఫిక్‌లో కార్ల మధ్య తిరుగుతూ అమ్ముతారే, ఆ నల్లద్దాలు. నాంతేజ వాటితోనే పనిచేస్తుంది. "ఇది ఎండకి పెట్టుకునేదే తల్లీ" అన్నానొకసారి.

"ఇదీ ఎండే కదమ్మా, కాస్త దగ్గర్లో ఉంది, అంతే" అంది. "నువ్వు మతోకే అరటికాయలు వలిచేటప్పుడు చేతులకి తొడుగులేసుకుంటావా? నీ పని నువ్వు చూసుకో."

నా పని నేను చూసుకున్నాను. పాలు కాచాను.

షెడ్డులో అందరికంటే పెద్దవాడు లుబ్వామా గారు. జుట్టు నెరిసే దాకా ఉత్త కళ్ళతోనే వెల్డింగ్ చేసిన మనిషి. ఆయనకీ పాలంటే ఎంత గురి! "మాస్కట, మాస్కు! ఇన్నేళ్ళు పాలు తాగే బతికాను, నాకేమైంది? చూడు నాంతేజ వాళ్ళమ్మా, నువ్వే చెప్పు!" అని అడిగాడు మొన్న, నా పక్కనున్న పాలక్యానుని.

క్యాను ఏమీ అనలేదు. నేనే దాని తరఫున, "ఏమీ కాలేదు పెద్దయ్యా" అన్నాను.

నాకు ఒక్క చిన్న సందేహం మాత్రం మిగిలింది. పాలేమో పొట్టలోకి పోతాయి. పొగేమో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ రెండూ లోపల ఎక్కడ కలుసుకుంటాయి? నేను ఎక్కువ చదువుకున్నదాన్ని కాదు కాబట్టి నాకు తెలియదు. బహుశా పొట్ట దగ్గర బోడా, అదే అద్దె మోటార్‌సైకిల్, మాట్లాడుకుని పాలు దాని మీద వెళ్తాయేమో!

అసలు మాట మరిచాను. సెకబీరా గారి షెడ్డులో మాస్కు లేదని అనుకునేరు, ఉంది! ఒకటి. కొత్తది. ఆయన ఆఫీసు గోడకి, ఆయన పెళ్ళిఫోటో పక్కన మేకుకి వేలాడుతూ ఉంటుంది. రోజూ దుమ్ము దులుపుతారు.

దాన్ని కిందికి దించేది తనిఖీకి అధికారులు వచ్చినప్పుడే. ఆ రోజు చూడాలి సంబరం! అధికారి ఎవరి దగ్గర ఆగితే మాస్కు వాళ్ళ మొహానికి వచ్చేస్తుంది. ఆయన అటు తిరగ్గానే వెనకనించి చేతులు మారి పక్కవాళ్ళ మొహానికి చేరుతుంది. అంతమంది ఒంటికీ ఒక్కటే తల! పోయినసారి వచ్చిన అధికారి, "ఇక్కడ అందరికీ మాస్కులున్నాయి, శభాష్" అని సెకబీరా గారి చెయ్యి ఊపి, నా దగ్గర టీ తాగి వెళ్ళాడు. చక్కెర ఎక్కువ వేయించుకున్నాడు.

ఆ వెంటనే ఒక స్కూలు గేటు పని వచ్చింది, తొందర పని. నాంతేజ ఆ రోజంతా వంచిన తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున లేచి మంచం మీద కూర్చుంది, కళ్ళు మాత్రం తెరుచుకోలేదు. రెప్పలు బన్నుల్లా ఉబ్బాయి. "అమ్మా, కళ్ళలో ఇసక పోసినట్టుంది" అంది. బంగాళాదుంప చెక్కలు పెట్టాను. పాలు తాగించాను, పాలలో గుడ్డ తడిపి వేశాను. నా దగ్గర పాలకి కరువా?

అది చెయ్యి చాచి నాకోసం తడిమింది. నేను ఇటుపక్క ఉన్నాను, అది అటుపక్క గోడని తడుముతోంది.

"ఎక్కడున్నావే అమ్మా?"

అప్పుడు నాకు తోచింది వరదా కాదు, క్షయా కాదు. ఏదో ఒకరోజు నా కూతురు కూడా పాలక్యానుతో మాట్లాడుతుంది, అమ్మననుకుని.

రెండు రోజులకి రెప్పలు విచ్చాయి. విచ్చీ విచ్చగానే, "గేటు ఇచ్చెయ్యాలి, బాస్ తిడతాడు" అంటూ అవే నల్లద్దాలు పెట్టుకుని బయల్దేరింది. దాని వెనకే నేనూ వెళ్ళి, సెకబీరా గారి ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాను.

"బాబూ, ఆ మాస్కు మా పిల్లకి ఇప్పించండి. గేటు అయ్యేదాకా."

"మాస్కా? అది వాడితే గీతలు పడవూ?" అన్నాడాయన కంగారుగా. "రేపు అధికారులొస్తే గీతల మాస్కు చూపించనా? కళ్ళ మంటకి పాలు పొయ్యి నాంతేజ వాళ్ళమ్మా! ఊరంతటికీ అమ్ముతావు, కన్నకూతురికి పొయ్యలేవా?"

ఎంత మంచి సలహా! నేను దణ్ణం పెట్టి వచ్చేశాను.

మధ్యాహ్నం ఆయన మతోకే ముద్ద, పల్లీల పులుసు తినడానికి ఇంటికెళ్ళాడు. నేను ఆఫీసులోకి వెళ్ళి మాస్కు తీసుకున్నాను. అయ్యో, దొంగతనం కాదు! ఉత్త చేతులతో వస్తే బాగుండదని ఆ మేకుకే ఒక కవరు తాజా పాలు తగిలించాను. ఆయన గోడకి ఏ లోటూ రానివ్వలేదు.

నాంతేజ విసుక్కుంటూనే మాస్కు పెట్టుకుని ఆర్క్ కొట్టింది. వెంటనే ఎత్తేసింది. "ఏమీ కనపడట్లేదు! నేను చెప్పలా, ఇవి పెట్టుకుంటే పని సాగదని? ఇక్కడందరూ చెప్పేదీ ఇదే!"

"అవును, నిజమే" అన్నారు అందరూ. "అధికారులొచ్చినప్పుడు మేమూ చూశాం, అంతా చీకటే!"

నేను అద్దం మీద గోరుతో గీకాను. ఫ్యాక్టరీలో అంటించిన కాగితం అలాగే ఉంది! కొత్త సోఫా ప్లాస్టిక్ చిరిగేదాకా ఊడదీయని ఊరు మాది. మాస్కు కాగితం మాత్రం ఎవరు పీకుతారు? పీకి ఇచ్చాను.

నాంతేజ మళ్ళీ ఆర్క్ కొట్టింది. సందులో బల్బులు మసకబారాయి. అది తల ఎత్తలేదు, విసుక్కోలేదు. చాలాసేపటికి మాస్కు లోపల్నించి, "అమ్మా, అతుకు కనిపిస్తోందే" అంది.

అప్పుడే సెకబీరా గారు పాలకవరు చేత్తో ఎత్తి పట్టుకుని, కారుతున్న పాలతో ఆఫీసులోంచి ఊడిపడ్డాడు.

"ఎవరిదీ పని? మాస్కు తీసి పాలు పెడతారా? పాలకీ కళ్ళకీ ఏమిటి సంబంధం? ఈ పాలు ఎవడి కళ్ళు కాపాడతాయి?"

షెడ్డులో సుత్తులు ఆగాయి. గ్లాసులు నోటి దగ్గరే ఆగాయి. పాఠకులారా, నా వాదన మొత్తం ఒక్క కేకతో కూల్చేశాడు పెద్దమనిషి! నా బేరం కూడా.

లుబ్వామా గారు మాత్రం, ఈసారి ఏ క్యానువైపూ కాకుండా, ఆ గొంతు వచ్చినవైపే సరిగ్గా తిరిగాడు.

"ఆ మాట ఇంకొక్కసారి అను సెకబీరా. గట్టిగా."