చుక్క పడని సందు

"ఇకమీదట ముస్లిం దేశాల్లో ఏ విపత్తయినా సరే, మన పటంలో లేకుండా రావడానికి వీల్లేదు!" అని మా దేశపు విపత్తుల మంత్రి విర్యావాన్‌గారు జకార్తాలో ప్రకటించారు. భూకంపాలు, వరదలు, ఫ్యాక్టరీ పేలుళ్లు, అన్నిటికీ ఎర్ర చుక్కలు పెడతారట. చుక్క పడిన చోటికి ఉచితంగా సైరన్ ఇస్తారట. అలాంటి మంత్రి మా కాలంలో పుట్టడం మా అదృష్టం.

నాకు కావలసింది ఒక్క చుక్క. సురబాయలో మా సందు వెనకే అమ్మోనియా ట్యాంకుంది. నిరుడు మూడుసార్లు కారింది. కారినప్పుడల్లా ఎవరో ఒకరు రాయి తీసుకుని కరెంటు స్తంభాన్ని టంగుటంగుమని బాదుతారు, మేం పిల్లాపాపలతో వంతెన దాటి పరిగెడతాం. సందుకు పెద్దను కాబట్టి నేనే అర్జీ రాసి వార్డు అధికారి దుల్హాదికి ఇచ్చాను.

"మూడుసార్లా? పైవాళ్లు బాధపడరూ?" అని ఆయన మూడు కొట్టేసి సున్నా వేశాడు. పైవాళ్లను సంతోషంగా ఉంచడం మా ఆఫీసుల్లో మొదటి రూలు. రెండో రూలు లేదు.

చుక్కల లెక్క పంపమంటే మిగతా ముస్లిం దేశాలూ తక్కువ తినలేదు. "భూకంపం మొదలైంది పక్కదేశంలో, వాళ్లకే వేసుకోండి" అన్నారొకరు. "డ్యాం తెగింది పాత ప్రభుత్వంలో. మా హయాంలో వచ్చినవి నీళ్లే" అన్నారింకొకరు. పటం ఒక్క చుక్కా లేకుండా మల్లెపువ్వులా వచ్చింది. మంత్రిగారు మురిసిపోయారు.

"సార్, సహాయం చుక్కల లెక్కనే వస్తుందట" అంది పటం గీసే ఇంజినీరు రత్నాసిహ్.

ఆ మాట దేశాలన్నిటికీ పాకి, సాయంత్రానికల్లా పటానికి తట్టు పోసింది. సముద్రమే లేని దేశమొకటి సునామీ కూడా అడిగి వేయించుకుంది.

చుక్క పడనిది మా సందొక్కటే. దుల్హాది తన సున్నా దిద్దలేదు. దిద్దితే, మొదట తప్పు రాశాడని పైవాళ్లు మళ్లీ బాధపడతారు.

అలా మా సందు ముస్లిం ప్రపంచంలోకెల్లా సురక్షితమైన స్థలమైంది. ఆ మాట రాసిన బోర్డు ప్రారంభోత్సవానికి మంత్రిగారే వచ్చారు. మా శుభకార్యాల ఆనవాయితీ ప్రకారం పసుపన్నం గోపురంలా పేర్చి, దాని కొన కోసి, గౌరవంగా నా పళ్లెంలో పెట్టారు.

"అయ్యగారూ, ఆ సైరన్..." అన్నాను.

"సురక్షితమైన చోట సైరనెందుకయ్యా? జనం జడుసుకోరూ? అంతకంటే గొప్పది తెచ్చాను. నగరంలోని అమ్మోనియా ట్యాంకులన్నీ ఇక్కడికే మారుస్తున్నాం. ఇంత భద్రమైన చోటు ఇంకెక్కడుంది?"

దుల్హాది చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోగా మా ఆవిడ సుమియాతి ముక్కు ఎగబీల్చి, రాయి పుచ్చుకుని స్తంభాన్ని బాదడం మొదలెట్టింది.

"గుడ్లప్పగించి చూస్తావేంటయ్యా? ఆ పళ్లెం పారేసి పద!"

నిమిషంలో సందు ఖాళీ.

"గ్యాసండీ, రండి!" అని మంత్రిగారి చెయ్యి పట్టి లాగాను. ఆయన దుల్హాది వంక చూశారు. దుల్హాది నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. మంత్రిగారు చెయ్యి విడిపించుకున్నారు.

వంతెన అవతలికి సభలోని మైకు వినిపిస్తూనే ఉంది.

"ఏమయ్యా దుల్హాదీ, జనమంతా ఎటు పోతున్నారు?"

"తమరి మాట విని ఆనందం పట్టలేక, అయ్యగారూ."

"మరి నా కళ్లలో ఈ నీళ్లేంటి?"

దగ్గు వినిపించింది. ఆ వెంటనే ఇంకో గొంతు దగ్గు.

"అదీ ఆనందమే, అయ్యగారూ."