ఒక్క ఫిర్యాదూ లేని యాప్

“ఇకపై మా శాఖలో ఒక్క మాట కూడా బయటికి పొక్కదు” అని ఉద్దానం మంచినీటి ప్రత్యేకాధికారి మురళీమోహన్ గారు పలాసలో విలేకరులందరినీ పిలిపించి మరీ ప్రకటించారు. రహస్యం పాటించబోతున్న సంగతిని ఇంత బహిరంగంగా చెప్పిన అధికారిని నా విలేకరి జీవితంలో చూడలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

దీనికో కారణముంది. సోంపేట అవతల ఎర్రమ్మ నడిపే మంచినీటి ప్లాంటులో మోటారు కాలిపోయింది. బోరు నీళ్లు తాగితే కిడ్నీలు పోతాయని హడలిపోయే ఊరది. ఎర్రమ్మ ఆ ముక్క ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. గుమస్తా దాన్ని తన బావకి పంపాడు, ఆ బావ నాకు పంపాడు, నేను పేపర్లో వేశాను. సారు మండిపడ్డారు. మోటారు కాలినందుకు కాదు, ఆ సంగతి అందరికీ తెలిసినందుకు.

అందుకని సిబ్బంది అంతా ఇంటి నుంచే పని చేయాలని, మాటలన్నీ సెక్యూర్ యాప్‌లోనే నడవాలని నిర్ణయించారు. యాప్ ఎంపికకి టెక్కలి గెస్ట్‌హౌస్‌లో కమిటీ కూర్చుంది. జీడిపప్పు ఉప్మా బాగుంది.

మొదటి యాప్ ఉచితం. “ఊరికే వచ్చేదానికి సెక్యూరిటీ ఏముంటుందండీ?” అని సారు కొట్టేశారు. రెండోదాంట్లో మనం మెసేజ్ చదివినట్టు అవతలివాళ్లకి తెలుస్తుంది. “చదివామని తెలిస్తే జవాబివ్వాలి కదయ్యా! డేంజర్!” అన్నారు. మూడోది గుప్తమిత్ర. వేలిముద్ర వేస్తేనే తెరుచుకుంటుంది. వచ్చిన మెసేజ్ సాయంత్రానికి దానంతటదే చెరిగిపోతుంది.

“మేం చదవకపోయినానా?”

“చదవకపోయినా సార్” అన్నాడు కంపెనీ మనిషి.

సారు ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే సంతకం పెట్టేశారు.

ఇంటి దగ్గర ఆ యాప్ ఎంతకీ తెరుచుకోక ఎర్రమ్మ బస్సెక్కి పలాస ఆఫీసుకొచ్చింది. సారు ముందు కూడా ఫోన్ మీద వేలు ఎన్నిసార్లు నొక్కినా గుప్తమిత్ర తెరుచుకోలేదు.

“ఈ వేలు మీది కాదని చెబుతోందమ్మా” అన్నారు సారు.

“మరెవులిది బాబూ? సిన్నప్పట్నుంచీ నా సేతికే ఉంది. జీడిగింజలు కొట్టీ కొట్టీ గీతలరిగిపోనాయి. నా ఏలు సంగతి తరవాత సూద్దురు గాని, మోటారు పంపించండి బాబూ. పిల్లలు బోరు నీళ్లే తాగుతన్నారు.”

“యాప్‌లో పెట్టండమ్మా, వెంటనే చూస్తాను.”

మన ఉద్దానంలో ప్లాంటు నడిపేవాళ్లలో జీడిగింజలు కొట్టనివాళ్లెవరు? ఎవరి వేలూ పడలేదు. నెల తిరిగేసరికి సారు తెర మీద ఫిర్యాదులు సున్నా. రాష్ట్రంలోనే ఫిర్యాదుల్లేని తొలి శాఖగా అవార్డు ప్రకటించారు. నేను మొదటి పేజీలో వేశాను. నాకు కళ్లు చెమర్చాయి కూడా.

సన్మానానికి ముందు సారు ఎర్రమ్మ ఊరెళ్లారు. జీడిగింజ పెంకులోని రసానికి వేలిముద్రలు పోతాయన్నది అపోహ అని స్వయంగా నిరూపిస్తానన్నారు. ఫొటోగ్రాఫర్లు గుమిగూడారు. సారు పీట మీద కూర్చుని సుత్తి అందుకున్నారు.

“సేతికి బూడిద రాసుకో బాబూ, కాలిపోద్ది” అంది ఎర్రమ్మ.

“పరీక్ష శాస్త్రీయంగా ఉండాలమ్మా” అని సారు ఒట్టి చేతుల్తో గింజలు కొట్టి, రసం పూసిన వేళ్లు కెమెరాలకి చూపించారు.

రెండో రోజుకి వేళ్లు బొబ్బలెక్కాయి. మూడో రోజుకి తోలు ఊడింది. అవార్డు స్వీకరిస్తున్నట్టు మర్నాడు సాయంత్రంలోగా గుప్తమిత్రలో ఒప్పుకోవాలని పైనుంచి కబురొచ్చింది. సారు పది వేళ్లూ నొక్కారు. ఈ వ్యక్తి ఎవరో తెలియదంది యాప్.

సారు రొప్పుతూ మా ఇంటికొచ్చారు.

“అర్జెంటుగా పేపర్లో వెయ్యవయ్యా, నా వేలు పనిచేయడం లేదని!”

“శాఖ రహస్యం కదా సార్?”

“నా వేలు రహస్యమేంటయ్యా!”

వేశాను. ప్రభుత్వం ఇంత చురుగ్గా కదలడం నేనెప్పుడూ చూడలేదు. వార్త వచ్చిన రోజే ఎర్రమ్మ ప్లాంటు ముందు జీపు ఆగింది. ఊరు ఊరంతా బిందెలతో ఎదురెళ్లింది. జీపులోంచి అట్టపెట్టె దింపి విప్పారు. అరిగిన వేళ్లని కూడా గుర్తుపట్టే సరికొత్త మిషను.

“మోటారేది బాబూ?” అంది ఎర్రమ్మ.

“యాప్‌లో పెట్టండమ్మా, ఇప్పుడు మీ వేలు కూడా పడుతుంది” అన్నారు సారు, కట్లు కట్టిన చెయ్యి ఊపుతూ.

మిషనుకి కరెంటు కావాలి. కాలిన మోటారు తీసేసిన వైర్లు ఎలాగూ ఖాళీగానే ఉన్నాయి కదా అని, వాటికే తగిలించారు.