మత్తులేని వైను

పాప స్కూలు బస్సెక్కగానే గ్లాసులు తుడిచిపెట్టుకుని, మధ్యాహ్నంలోపు గుంటూరు పెళ్ళివారికి వైను రుచి చూపించి పంపేయాలన్నది ఆ రోజు షారోన్ ప్లాను. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు ఉద్యోగం మానేశాక, కూతురు ఆరాధనని చూసుకుంటూ ఇంట్లోనే చేసుకోవచ్చని ఈ మత్తులేని ద్రాక్ష వైను వ్యాపారం మొదలుపెట్టింది. ఈ ఆర్డరు తప్పితే మళ్ళీ మిల్లు షిఫ్టులే గతి.

అక్కడ స్కూల్లో టీచరు "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగింది. "వైను తాగుతుందండీ. వచ్చిన ఆంటీలకీ పోస్తుంది" అంది ఆరాధన గర్వంగా. టీచరు హడలిపోయి షారోన్ వెళ్ళే చర్చి పాస్టరమ్మ ఎలీసమ్మగారికి ఫోన్ చేసింది.

కాసేపటికి ఎలీసమ్మగారు ముగ్గురు ఆడవాళ్ళతో షారోన్ గుమ్మంలో ఉన్నారు.

"నీ వైను సంగతి విన్నాం తల్లీ."

చర్చి ఆర్డరు కూడా వచ్చిపడిందని షారోన్ పొంగిపోయింది. "నేనే చెబుదామనుకున్నానండీ. రండి, కూర్చోండి."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆర్నెల్లయిందండీ. మా ఆయనే మొదలెట్టమన్నారు."

"ప్రభువా! మరి పాప?"

"దానికీ ఇష్టమేనండీ. స్కూలు నుంచి రాగానే ఓ గ్లాసు తాగాల్సిందే."

ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది. షారోన్‌కి ఏమీ అర్థంకాక గబగబా గ్లాసులు నింపింది. "కళ్ళు మూసుకో తల్లీ" అన్నారు ఎలీసమ్మగారు. ఆ మాట రుచి చూసేవాళ్ళకి తను చెప్పాలి కదా అనుకుంటూనే మూసుకుంది. నలుగురూ మోకాళ్ళమీద కూర్చుని గొంతెత్తి ప్రార్థన అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి తల్లి నాగజ్యోతి లోపలికొచ్చింది. వైనుకి ముందు ఇదో పద్ధతి కాబోలనుకుని చెప్పులు బయట విడిచి, తనూ చేతులు జోడించింది.

ప్రార్థనలో "ఈమె తాగుడు మాన్పించు తండ్రీ" అని వినపడ్డాక గానీ షారోన్‌కి విషయం తలకెక్కలేదు.

"అయ్యో, ఇందులో మత్తు లేదండీ!"

"తాగేవాళ్ళంతా అదే అంటారమ్మా" అంటూ ఎలీసమ్మగారు పరీక్షకని ఓ గ్లాసు గడగడా తాగి, లేచి నిలబడి, అలాగే సోఫాలో కూలబడ్డారు.

"చూశారా మత్తు!" అని కేకలేశారు వెంటొచ్చినవాళ్ళు. షారోన్ వంటింట్లోకి పరుగెత్తి చెంబు తెచ్చింది. నీళ్ళు చల్లాక ఎలీసమ్మగారు కళ్ళు తెరిచారు. "నిన్నట్నుంచీ ఉపవాసం. ఎండలో నడిచొచ్చానమ్మా" అని గొణిగారు.

ఈ గొడవలో నాగజ్యోతి రెండు గ్లాసులు ఖాళీచేసి నిక్షేపంగా నిలబడి ఉంది. "మావాళ్ళు ఎంత తాగినా పెళ్ళిలో తూలరన్నమాట. ఇదే ఖాయం చెయ్యమ్మా" అంది.

ఎలీసమ్మగారిని ఇద్దరు చెరోపక్క పట్టుకుని వీధిలో నడిపించుకెళ్ళారు.

సాయంత్రానికి పేటంతా తెలిసిపోయింది, షారోన్ తాగదని, తాగేది పాస్టరమ్మగారని.