మర్యాద తెలిసిన దుమ్ము

బండల కార్ఖానా దుమ్ము వల్ల కంది పైరుకు ఎలాంటి నష్టమూ లేదని, 1962లో తాండూరు పక్కన కూర్చున్న విచారణ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. కార్ఖానా సంగతులు యజమానికే బాగా తెలుస్తాయి కనుక పాండురంగంగారే అధ్యక్షులయ్యారు. శాస్త్రం తెలిసినవాడు ఒకడుండాలి కనుక వ్యవసాయ విస్తరణాధికారి జనార్దన్‌ను పిలిచారు.

జనార్దన్‌కు శాస్త్రం నిజంగానే తెలుసు. ఆకు కణాల లోపల హరితరేణువులుంటాయనీ, ఎండను పట్టి, నీటినీ గాలినీ కలిపి మొక్క తన తిండి వండుకునేది అక్కడేననీ తెలుసు. కాలేజీలో సూక్ష్మదర్శిని కింద వాటిని చూసి, ఆ రాత్రంతా మురిసిపోయినవాడు. భార్య అరుణాదేవి దగ్గు ఈ దుమ్ముతోనే ముదురుతున్నదనీ తెలుసు. అనంతగిరి గాలి తగిలితే నయమవుతుందని డాక్టరు చెప్పాడు. ఆ కొండల పక్కనున్న వికారాబాదుకు బదిలీ చేయించగలవారు పాండురంగంగారొక్కరే. ఇన్ని తెలిసినవాడు దొరకడం సంఘం అదృష్టం.

విచారణ చేను గట్టు మీద జరిగింది. రైతు భాగమ్మ కంది చేను దుమ్ము పట్టి, సున్నం కొట్టినట్టు తెల్లగా నిలబడి ఉంది.

"పోయినేడు గీ చేనే మా ఇంటిల్లిపాదిని సాదింది సారూ. గీయేడు పువ్వే లేకపాయె," అంది భాగమ్మ.

జనార్దన్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఎక్కడో అరుణాదేవి దగ్గినట్టనిపించింది. నిజం వెనక్కి మళ్లింది. దాని స్థానంలో ఒక సిద్ధాంతం బయటికి వచ్చింది.

"ఆహారం తయారయ్యేది కణాల లోపల. దుమ్ము పడింది ఆకు పైన. లోపలి వ్యవహారంలో పైవాటికి జోక్యం లేదు."

పాండురంగంగారు లేచి నిలబడ్డారు. "సోదరులారా! మన కార్ఖానా దుమ్ము మర్యాద తెలిసిన దుమ్ము. పిలవనిదే ఎవరి లోపలికీ పోదు!"

"గట్లనా?" భాగమ్మ పిడికెడు దుమ్ము తీసింది. "జర ఇటు రా సారూ, నీ అద్దాల మీద ఇంత చల్లుత. చూపు లోపట్నే ఉంటది గదా, మంచిగనే కనవడతది!"

ఈ అభిప్రాయం శాస్త్రీయం కాదని సంఘం తోసిపుచ్చింది.

తరువాత జిల్లా నుంచి ఒక పెద్దమనిషి చూడవస్తున్నారని కబురందింది. ఆకులో పని చేసేది పచ్చదనమే కనుక, రోడ్డు వైపు కంది సాళ్లకు పచ్చరంగు కొట్టించారు. పెద్దమనిషి కారు దిగకుండానే పైరు ఏపుగా ఉందని మెచ్చుకున్నారు. నెల తిరగకముందే చేను ఎండిపోయింది. హరితరేణువులు సహకరించలేదని సంఘం విచారం వెలిబుచ్చింది. పాండురంగంగారు మాత్రం పెద్ద మనసు చేసుకుని, భాగమ్మకు అదే కార్ఖానాలో బండలు మోసే కూలి ఇప్పించారు.

జనార్దన్ వికారాబాదు చేరాడు. అరుణాదేవి దగ్గు తగ్గింది.

ఒకనాడు ఆమె బజారు నుంచి వచ్చి, "కందిపప్పు మస్తు పిరమైందండీ. తాండూరు దిక్కు ఈయేడు చేన్లు పండలేదట. ఎందుకో?" అంది.

జనార్దన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"రైతులకు బద్ధకం పెరిగింది," అన్నాడు.

ఆ సంగతి, పప్పు కొనే మనమంతా అంతకుముందే బజారులో ఏకగ్రీవంగా తేల్చి ఉన్నాం.