చిరగని ప్యాంటు

వరంగల్ నగరంలో ఎన్నటికీ చిరగని ప్యాంటు ఒకటి ఉందని ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. రంగు మట్టి రంగు. నడుము ముప్పై నాలుగు. జేబులు ఎనిమిది. కొన్ననాడు ఎలా ఉందో ఈనాటికీ అలాగే ఉంది. ఒక్క పోగు లేవలేదు, ఒక్క గుండీ ఊడలేదు. మరి అంత గట్టి ప్యాంటు ఎవరి ఒంటి మీదా ఎందుకు లేదని అడిగే తొందరపాటు మనుషులు కొందరుంటారు. వాళ్ల సౌకర్యార్థం జరిగినది జరిగినట్టు ఇక్కడ పొందుపరచడమైనది.

మహిపాల్ ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్. అందులో ఆఫీసర్ అన్నది కంపెనీ ఇచ్చిన మాట, ఫీల్డ్ అన్నది ఉన్నమాట. పొద్దున్నే హన్మకొండలో బండెక్కి నర్సంపేట చుట్టుపక్కల పొలాల్లో దిగుతాడు. గట్లు దూకాలి, ముళ్లకంప దాటాలి, పత్తి చెట్ల నడుమ గొంతుక్కూర్చుని ఆకు తిరగేసి పురుగును పలకరించాలి. పురుగుకు ఏమీ కాదు. ప్యాంటే పోతుంది. అదీ ఎక్కడో కాదు, సరిగ్గా కూర్చునే చోట, నిట్టనిలువునా.

అతని భార్య వినోద ఎం.కాం. చదివింది. కొత్త పెళ్లికూతుళ్లు భర్త కళ్లలోకి చూస్తూ కూర్చుంటారని ప్రతీతి. వినోద మాత్రం మొదటి వారం నుంచే భర్త వెనకవైపు దృష్టి పెట్టవలసి వచ్చింది. అయినా ఆమె సంతోషానికి ఏ లోటూ రాలేదు. సాయంత్రం బండి హారన్ వినపడితే సంతోషం, టిఫిన్ డబ్బా ఖాళీగా తిరిగొస్తే సంతోషం, సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కితే మహా సంతోషం. ఇంట్లో ఆకుపచ్చ దారం తప్ప లేని రోజున చిరుగును ఆకులాగే కుట్టి, "సూడు బావా, పత్తి ఆకు!" అని మురిసిపోయింది. మర్నాటికి ఆకు రాలిపోయింది.

ఇక లాభం లేదని మహిపాల్ ఒక పద్ధతి కనిపెట్టాడు. ఎవరికీ వీపు చూపడు. రైతుతో మాట్లాడటం అయిపోగానే చేతులు జోడించి, గర్భగుడి ముందు నుంచి వచ్చే భక్తుడిలా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బండి దాకా పోతాడు. దీని ఫలితాలు ఎవరూ ఊహించనివి.

"ఏమన్న మర్యాదా!" అన్నాడు మొగిలి అనే రైతు, గట్టు మీద నలుగురినీ కూర్చోబెట్టుకుని. "సదువుకున్న సారు, మన అసొంటోళ్లకు వీపు సూపియ్యడు. మా అల్లుడున్నడు, పిల్లనిచ్చినంక ముఖమే సూపియ్యలే."

ఆ సీజనులో మహిపాల్ విత్తనాలు అమ్ముడుపోయినట్టు మరెవరివీ పోలేదు. కానీ ఒకనాడు అతను మర్యాద చేస్తూ చేస్తూ వెళ్లి పంట కాలువలో వెల్లకిలా పడ్డాడు. బురద ఓడుతూ ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి వినోద మొదటిసారి నవ్వలేదు.

"ఇయ్యాల కాలువల పడ్డవ్. రేపు బాయిల పడ్తె? ఆడ బాయిలకు గోడలన్న ఉన్నయా? ఫికర్ జెయ్యకు బావా. నీకు చిరగని ప్యాంటు నేను తెస్త."

ఆ రాత్రే ఫోనులో అధ్యయనం మొదలుపెట్టింది. ప్రపంచంలో ప్యాంట్ల మీద జరిగినంత పరిశోధన రోగాల మీద కూడా జరగలేదని ఆమెకు తెలిసొచ్చింది. ఒక వీడియోలో మంచుకొండ మీంచి ప్యాంటుతో సహా మనిషిని జార్చారు. ఇంకోదాంట్లో ప్యాంటును కారుకు కట్టి ఈడ్చారు. తుమ్మముల్లు గురించి, బర్రె కొమ్ము గురించి మాత్రం ఏ శాస్త్రజ్ఞుడూ ఒక్క ముక్క చెప్పలేదు. కనుక స్థానికంగానే తేల్చుకోవాలని నిర్ణయమైంది.

ఎంపిక సంఘం ఆటోలో బయల్దేరింది. అధ్యక్షురాలు వినోద అత్త వరలక్ష్మి. సాంకేతిక సలహాదారు ఆమె తమ్ముడు, కాశిబుగ్గ సారంగపాణి. ఆయనది ఫోన్ కవర్ల దుకాణమే గాని, తాతగారు మగ్గం నేశారు కనుక భూమ్మీది సమస్త వస్త్రాల పైనా ఆయన మాటే చెల్లుతుంది. ప్యాంటు తొడుక్కోవలసిన మహిపాల్‌కు పరిశీలకుడి హోదా దక్కింది.

చౌరస్తా దగ్గరి బట్టల షాపులో పరీక్షలు శాస్త్రీయంగా జరిగాయి. సారంగపాణి ఒక పోగు పీకి అగ్గిపుల్లతో కాల్చి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. ఒక కాలు అక్కా, ఒక కాలు తమ్ముడూ పట్టుకుని చెరోవైపు గుంజారు.

"గట్టిదేనా?" అడిగింది వరలక్ష్మి రొప్పుతూ.

"అక్కా, మనిషి పోతడు గని ప్యాంటు పోదు," అన్నాడు షాపు సేటు.

"ఓ సేటూ! కొత్త పెండ్లి పిలగాడు. జర నోరు మంచిగ వెట్టు."

చివరి పరీక్షగా మహిపాల్ ఆ ప్యాంటు తొడుక్కుని షాపు నడుమ గొంతుక్కూర్చున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించారు. ఏ చప్పుడూ రాలేదు. వినోద కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక జేబుల పల్లిపట్టి పెడ్త, ఒకదాంట్ల దస్తీ, ఒకదాంట్ల నా ఫోటో."

"ఇంక ఐదున్నయ్ గద," అన్నాడు మహిపాల్.

"అండ్ల గూడ నా ఫోటోలే."

ఇంటికి రాగానే ఎనిమిదో జేబులో నిజంగానే ఒక ఫోటో పెట్టి గుండీ వేసింది. వరలక్ష్మి ప్యాంటు అంచుకు పసుపు రాసి దేవుడి ముందు పెట్టింది. మర్నాడు శనివారం, కొత్తబట్ట కట్టరాదు. ఆదివారం సెలవు. సోమవారం మహిపాల్ చెయ్యి చాపాడు.

"నీకేమన్న తెలివున్నదారా? గింత మంచి ప్యాంటు బురదల ఏస్తవా?" అంది వరలక్ష్మి. "ఏదన్న శుభకార్యానికి ఏస్కో."

శుభకార్యం వచ్చింది. మహిపాల్ మళ్లీ చెయ్యి చాపాడు.

"పెండ్లికి గదేస్కొని పోతవా? సెంట్రింగు పనికొచ్చిండనుకుంటరు."

ఆ విధంగా ఆ ప్యాంటు పొలానికి ఎక్కువ, పెళ్లికి తక్కువ అని తేలింది. మనిషి జీవితంలో ఈ రెండింటికీ నడుమ ఇంకో సందర్భం ఏదీ కనపడనందున, దాన్ని డాంబర్ గోలీల నడుమ బీరువాలో భద్రపరిచారు. ఇంకోటి కొందామంటే, "ఇంట్ల ఉండంగ మళ్లొకటెందుకు?" అనే ప్రశ్నకు ఎం.కాం.లో జవాబు లేదు.

అంతలో సారంగపాణి ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి బట్టలు పెట్టాలి. వరలక్ష్మి బీరువా తెరిచింది.

"అత్తమ్మా, అది బావ ప్యాంటు!"

"ఏడికి పోతది బిడ్డా? మా తమ్మునింటికే గద."

సారంగపాణి నడుము నలభై రెండు. అయితే బట్టలు పెట్టేటప్పుడు నడుము అడగడం మన సంప్రదాయం కాదు. తాను గుంజిన ప్యాంటును తానే తొలిసారి చూస్తున్నట్టు రెండు చేతులా అందుకుని, "ఎందుకక్కా గింత ఖర్సు?" అన్నాడు సారంగపాణి.

అక్కడి నుంచి ఆ ప్యాంటు ఆయన వియ్యంకుడి షష్టిపూర్తికి, వియ్యంకుడి నుంచి ఒక పంతులు పదవీ విరమణకు, అక్కడి నుంచి ఒక ఒడుగుకు వెళ్లింది. ఒడుగు వటువుకు ఎనిమిదేళ్లు. ప్రతి ఇంట్లోనూ అంచుకు కొత్తగా పసుపు రాశారు. ప్రతి ఇంట్లోనూ చేత్తో తడిమి, "మస్తు గట్టిగున్నది, శానేండ్లొస్తది," అని మెచ్చుకుని దాచారు. వాళ్ల అంచనా తప్పలేదు.

ఇక్కడ మహిపాల్ వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. ఒకసారి బర్రెకు తగిలాడు, ఒకసారి బావి అంచున మోటారు పైపు చేతికి దొరికింది. అమ్మకాలు మాత్రం పెరుగుతూ పోయాయి. చివరికి కంపెనీ అతనికి ఉత్తమ వినయ పురస్కారం ప్రకటించింది.

సభ రోజున మహిపాల్ వేదిక మెట్లు కూడా వెనక్కే ఎక్కాడు. సభికులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేనేజర్ రాంప్రసాద్ మైకు అందుకున్నాడు.

"మిత్రులారా! రైతే మనకు దేవుడు. దేవుడికి వీపు చూపని ఈ యువకుడు సంస్థకు వెన్నెముక! అతని స్ఫూర్తితో సోమవారం నుంచి మన ఫీల్డ్ సిబ్బంది అందరూ వెనక్కే నడుస్తారని ప్రకటించడానికి గర్విస్తున్నాను. సంస్థ మాత్రం ముందుకే సాగుతుంది!"

తర్వాత శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, తన పెళ్లిరోజుకు ఎవరో పెట్టిన ఒక ప్యాకెట్టును కూడా అతని చేతిలో పెట్టాడు. ముందు వరుసలో కూర్చున్న వినోద ఆ ప్యాకెట్టులోంచి మట్టి రంగును గుర్తుపట్టింది.

ఇంటికొచ్చి ఎనిమిదో జేబు గుండీ విప్పింది. తన ఫోటో తనను చూసి నవ్వుతోంది. ఇన్ని ఇళ్లు తిరిగినా ఒక్కరు కూడా జేబులో చెయ్యి పెట్టలేదు.

"ఇగ రేపట్నుంచి ముందుకే నడుస్తనే!" అన్నాడు మహిపాల్, చిన్నపిల్లాడిలా గంతేసి. పాతది ఇంకాస్త చిరిగింది.

వినోద కత్తెర తెచ్చింది. ధర చీటీ కత్తిరించబోతూ ఒక్కసారి ప్యాంటును వెలుతురులో పైకెత్తి చూసింది. అంచున పసుపు బొట్లు బంగారంలా మెరుస్తున్నాయి. బట్ట మీద ముడత లేదు. ఎంత బాగుంది! కత్తెర ఆగింది. తర్వాత వచ్చిన మాట ఎవరిదా అని ఆమె కూడా చుట్టూ చూసింది.

"బావా... రేపు మడికట్లకు గద పోయేది? శాన బురదుంటదేమో. రేపొక్కరోజు పాతదే ఏస్కోరాదు?"

వరలక్ష్మి కోడలిని గట్టిగా కావలించుకుంది. "ఇగో, ఇయ్యాల నువ్వు మా ఇంటి కోడలివైనవ్ బిడ్డా!"

మహిపాల్ ఇద్దరికీ నమస్కారం పెట్టి, వెనక్కి నడుచుకుంటూ గదిలోంచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి నెలలోనే దాయాదుల ఇంట బారసాల వచ్చింది. ప్రస్తుతం ప్యాంటు ఎక్కడుందో తెలియదు. మట్టి రంగు, అంచు నిండా పసుపు, ఎనిమిదో జేబులో నవ్వుతున్న అమ్మాయి ఫోటో. ఇవి గుర్తులు. మీ బీరువాలో దొరికితే తిరిగి ఇవ్వనక్కర్లేదు, అది మర్యాద కాదు. మీరు వేసుకోరన్నది కూడా అందరికీ తెలిసిందే. వచ్చే శుభకార్యానికి ఎలాగూ ఎవరికో ఒకరికి పెడతారు. కాకపోతే కొంచెం తొందరగా పెట్టండి. నర్సంపేట వైపు బావులకు ఇంకా గోడలు కట్టలేదు.