యాభై గులాబీల మొక్కు

ఆ ఉదయం యాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే స్నానం చేసి, ఇస్త్రీ కోటు తొడుక్కుని, బడి తనిఖీకి వచ్చే దొర కంట్లో బుద్ధిమంతుడిగా పడటం. నర్సీపట్నం బడిలో అతనిది ఇంకా తాత్కాలికపు మాస్టరీయే. దొర మంచిమాట రాస్తే ఖాయమవుతుంది, హెడ్మాస్టరు సూర్యనారాయణమూర్తిగారికి కోపం వస్తే ఊడుతుంది.

కాఫీ అందిస్తూ భార్య వర్ధనమ్మ, "యాభై గులాబీలు కావాలండీ, ఇవాళే" అంది.

పాప జ్వరం ఊళ్లో ఉంటున్న క్రైస్తవ ఫాదరుగారి మందుతో తగ్గింది. ఏమిచ్చుకోమంటారని ఈవిడ అడిగితే, నాకేమీ వద్దు, మా మరియమాతకు యాభై గులాబీల మాల సమర్పించమ్మా, ఆమె ముళ్లు లేని గులాబీ అన్నాడట ఆ తెల్ల సన్యాసి. ఈవిడ అక్కడికక్కడే మొక్కేసుకుంది.

"తీర్చక జ్వరం తిరగబెడితే ఏటి చేస్తారు?" అంది. యాజులు కాఫీ వదిలేసి పువ్వుల కోసం లేచాడు.

ఊళ్లో గులాబీలున్నది హెడ్మాస్టరుగారి దొడ్లోనే. దొర మెడలో దండ వెయ్యడానికని ఆయన వాటిని కంటికి రెప్పలా కాస్తున్నాడు. అప్పటికే దొరను తీసుకురావడానికి రావికమతం వెళ్లాడు. ఆయన భార్య దుర్గాంబగారిని నాలుగు పువ్వులడిగి, మిగతాది మందారాలతో సరిపెడదామనుకున్నాడు యాజులు. మొక్కు మాట చెవిన పడగానే ఆవిడ బుట్ట పట్టుకుని మొక్కల మీద పడింది. యాజులు నసుగుతూ దొర సంగతి ఎత్తాడు.

"అమ్మవారి కంటే దొర ఎక్కువా నాయనా?" అందావిడ.

యాజులు తలూపి బుట్ట అందుకున్నాడు.

పసుపు కుంకుమలతో వీధి ముత్తైదువలంతా బయలుదేరారు. ఆ తల్లికి ముల్లు పనికిరాదని యాజుల్ని అరుగు మీద కూర్చోబెట్టి కాడలకు ముళ్లు గిల్లించారు. వేళ్లు నెత్తురోడుతుంటే, ఇందులో ముళ్లు లేనిది ఎవరికో అతనికి బొత్తిగా అర్థం కాలేదు.

ఫాదరుగారి పూరిపాక ముందు కొబ్బరికాయలు పగిలాయి. లోపలి మాత బొమ్మ మెడలో దండ పడింది, నుదుట కుంకుమ పడింది. ఊరు ఊరంతా మతంలో కలవడానికి వచ్చిందనుకుని ఫాదరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మొక్కు కోసమని తెలిశాక తెల్లబోయి, జేబులోంచి నల్లటి జపమాల తీశాడు.

"నేను చెప్పిన మాల ఇది తల్లీ. ఒక్కో పూసకు ఒక్కో ప్రార్థన. ఆ ప్రార్థనే మాకు గులాబీ. పువ్వులు నేనడగలేదు."

యాజులు నెత్తురోడిన వేళ్లకేసి చూసుకున్నాడు. అంతలో హెడ్మాస్టరుగారి నౌకరు కొండన్న పరుగున వచ్చాడు.

"బాబూ, పంతులుగారు దొరని ఎంటబెట్టుకొని ఇటే ఒస్తన్నారు. బోసిపోయిన సెట్లకేసి సూసి అలాగే ఉండిపోనారు. పూలెక్కడని అడిగితే సెప్పేసినాను" అన్నాడు.

తన మాస్టరీకి యాజులు మనసులోనే నీళ్లు వదిలేసుకున్నాడు. కళ్లెర్రజేసుకుని హెడ్మాస్టరు రానే వచ్చాడు. ఆయన నోరు తెరిచేలోగా దొర టోపీ తీసి, మాత ఎదుట మోకరిల్లాడు. దొరల్లోనూ ఆయనది మరియమాతను కొలిచే శాఖేనట. చిన్నప్పుడు వాళ్లమ్మ ఇలాగే గులాబీలు పెట్టేదట. ఇంత భక్తి ఎవరిదని అడిగాడు.

హెడ్మాస్టరు ఎర్రజేసిన కళ్లు దించుకుని చేతులు జోడించాడు.

"నాదేనండి. నా తోటలోవే. తెల్లారి నా చేత్తోనే కోశాను" అన్నాడు.

దొర ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేసి, పక్కనే మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని, పూసలు తీశాడు. యాభై పూసలు. ఫాదరు చదువుతుంటే హెడ్మాస్టరు పెదవులూ కదిలాయి. దగ్గరగా నిలబడ్డ యాజులుకు మాత్రం లలితా సహస్రనామం వినిపించింది.

దొర బడిని మెచ్చుకుంటూ రాశాడు. బయటికొచ్చాక హెడ్మాస్టరు యాజులు వైపు గుర్రుగా చూశాడు. స్వయంగా కోశానని దొర ముందు ఒప్పుకున్న పువ్వులకు ఇంకొకణ్ణి ఏమని దండిస్తాడు?

యాజులు ఉద్యోగం ఖాయమైంది, పాపకు జ్వరం తిరగబెట్టలేదు, హెడ్మాస్టరుగారు మాత్రం ఆ వారమంతా మోకాళ్లకు ఆముదం రాసుకున్నారు.